నెట్‌వర్క్ షేర్‌లో ఉన్న ఐఎస్ఓని డిస్క్‌కి బర్న్ చేయాలంటే

ఐఎస్ఓ ఫైల్ (ఒక డిస్క్‌లో ఉండేదంతా ఒకే ఫైల్‌గా పెట్టినది, దీన్నే ఇమేజ్ అంటారు) ఏమో నాస్‌లోనో (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) ఇంకో కంప్యూటర్ షేర్డ్ ఫోల్డర్‌లోనో ఉంటుంది, డీవీడీ రైటర్ ఏమో మీ సిస్టమ్‌కి ఉంటుంది. ఫోల్డర్ ఓపెన్ చేసి ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి బర్న్ అనేస్తే అయిపోతుందిలే అనిపిస్తుంది, నిజంగానే కొన్నిసార్లు అయిపోతుంది కూడా. కానీ అవ్వనప్పుడు మాత్రం చాలా చిరాకేస్తుంది, ఎందుకంటే వచ్చే ఎర్రర్ మెసేజ్‌లో అసలు కారణం ఉండదు. కళ్ళ ముందు ఫైల్ కనిపిస్తున్నా బర్నింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అలాంటి ఫైలే లేదంటుంది, లేదా సగం దాటాక ఆగిపోయి డిస్క్ పనికిరాకుండా పోతుంది, లేదా అంతా బాగానే అయిందని చెప్పేసి తర్వాత ఆ డిస్క్‌తో సిస్టమ్ బూట్ అవ్వదు.

అందుకే ముందే చెప్పేస్తున్నా, వీలున్నంత వరకు షేర్ నుంచి డైరెక్ట్‌గా బర్న్ చేయొద్దు. ఫైల్‌ని ముందు మీ సొంత హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్కోండి, హ్యాష్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కేసే వేలిముద్ర లాంటి విలువ) సరిపోయిందో లేదో చూడండి, అప్పుడు బర్న్ చేయండి. ఒక పది నిమిషాలు ఎక్కువ పడుతుందేమో గానీ మీకొచ్చే కష్టాల్లో చాలా వరకు ఇక్కడే పోతాయి. కాపీ చేయడానికి జాగా లేకపోతే ఏం చేయాలో కూడా కింద రాశాను, కానీ ముందు ఈ పద్ధతి ఎందుకు మంచిదో తెలిస్తే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది.

డైరెక్ట్‌గా చేస్తే ఏమవుతుంది

ఫైల్ కాపీ చేయడం వేరు, డిస్క్ రైట్ చేయడం వేరు. కాపీలో నెట్‌వర్క్ ఓ రెండు సెకన్లు ఆగినా ఏం కాదు, మళ్ళీ వచ్చాక కంటిన్యూ అవుతుంది. డిస్క్ అలా కాదు, అది తిరుగుతూనే ఉంటుంది, లేజర్ లోపల నుంచి బయటకి ఒకే గీతలా రాసుకుంటూ పోతుంది, దానికి డేటా ఆగకుండా అందుతూ ఉండాలి. డ్రైవ్‌లో ఒక చిన్న బఫర్, అంటే రాయబోయే డేటాని కాసేపు పెట్టుకునే మెమరీ, ఉంటుంది, మామూలుగా కొన్ని ఎంబీలే, స్పీడ్‌గా రాసేటప్పుడు అది క్షణాల్లో ఖాళీ అయిపోతుంది. పాత రోజుల్లో బఫర్ ఖాళీ అయితే ఆ సీడీ ఇంక అంతే. 2000 ప్రాంతంలో సాన్యో వాళ్ళు బర్న్‌ప్రూఫ్ అనే పద్ధతి తెచ్చాక డేటా అందకపోతే రాయడం ఆపి, అందాక సరిగ్గా ఆపిన చోట నుంచే మళ్ళీ మొదలుపెట్టడం వచ్చింది, ఇప్పుడున్న డ్రైవ్‌లన్నిటిలో ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది.

మరి అది ఉంది కదా, ఇంక భయమెందుకు అంటారా? ఆ రక్షణ డేటా లేట్ అయినప్పుడు మాత్రమే పనికొస్తుంది. డేటా అసలు రాకపోతే, అంటే వైఫై డిస్‌కనెక్ట్ అయి విండోస్ ఈ ఫైల్ చదవలేకపోయాను అని సాఫ్ట్‌వేర్‌కి ఎర్రర్ ఇచ్చేస్తే, సాఫ్ట్‌వేర్ బర్న్ ఆపేస్తుంది, ఒక్కసారే రాయగలిగే డిస్క్ అయితే అది వేస్ట్. లేట్ అవ్వడం, తెగిపోవడం ఈ రెండూ ఒకటి కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పైగా ఆగి మళ్ళీ మొదలైన ప్రతి చోటా డిస్క్ మీద ఒక అతుకు ఉంటుంది, ఒకటి రెండు ఉంటే ఏ డ్రైవ్ అయినా చదివేస్తుంది గానీ పదే పదే ఆగుతూ రాసిన డిస్క్ మీద నాకైతే నమ్మకం ఉండదు, ముఖ్యంగా ఏళ్ళ తరబడి దాచుకోవాల్సిన బ్యాకప్ అయితే.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం, పెద్ద కష్టం కాదు. సీడీకి 1ఎక్స్ అంటే సెకనుకి 150 కేబీ. డీవీడీకి 1ఎక్స్ అంటే 1.385 ఎంబీ. బ్లూరేకి 1ఎక్స్ అంటే 4.5 ఎంబీ. అంటే డీవీడీని 8ఎక్స్‌లో రాస్తే సెకనుకి 11 ఎంబీ, 16ఎక్స్‌లో రాస్తే 22 ఎంబీ, బ్లూరే 6ఎక్స్ అయితే 27 ఎంబీ కావాలి. 100 ఎంబీపీఎస్ లాన్ అంటే కాగితం మీద సెకనుకి 12.5 ఎంబీ, చేతికొచ్చేది 11 దాకానే, కాబట్టి డీవీడీ 8ఎక్స్‌కే అది అంచుమీద ఉంటుంది. గిగాబిట్ కేబుల్ అయితే సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, ఏ డిస్క్‌కైనా చాలు. వైఫై సంగతి చెప్పడం కష్టం, యావరేజ్ చూస్తే బాగానే ఉంటుంది గానీ మధ్యలో ఒక్కసారిగా పడిపోతుంది, బర్నింగ్‌కి కావాల్సింది యావరేజ్ కాదు, ఎప్పుడూ ఒకేలా అందడం.

ఇంకో విషయం, ఇది చాలామంది గమనించరు. 16ఎక్స్ అని రాసున్న డీవీడీని డ్రైవ్ మొదటి నుంచీ 16ఎక్స్‌లో రాయదు. మామూలుగా లోపలి అంచు దగ్గర 6ఎక్స్ పైచిలుకుతో మొదలుపెట్టి బయటకి వెళ్ళేకొద్దీ స్పీడ్ పెంచుకుంటూ పోతుంది, చివరి అంచు దగ్గరే 16 తాకుతుంది. అందుకే మీ నెట్‌వర్క్ సెకనుకి ఒక 18 ఎంబీ ఇస్తుందనుకోండి, సగం డిస్క్ దాటేదాకా ఏ ఇబ్బందీ కనిపించదు, ఆ తర్వాత బఫర్ పడిపోవడం మొదలవుతుంది. మొదట్లో బాగానే ఉంది కదా సగంలో ఏమైంది, డిస్క్ బాలేదేమో అని వేరే కంపెనీ డిస్క్‌లు కొనేవాళ్ళు ఉన్నారు, డిస్క్ తప్పేం లేదు అక్కడ, నెట్‌వర్క్ అంత అందించలేకపోతోంది.

కాపీ చేసేటప్పుడు

ముందు మీ లోకల్ డ్రైవ్‌లో ఇమేజ్ సైజుకి సరిపడా ఖాళీ ఉందా చూస్కోండి, సింగిల్ లేయర్ బ్లూరే ఇమేజ్ అయితే 25 జీబీ దాకా కావాలి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేస్తుంటే దాని ఫార్మాట్ ఫ్యాట్32 కాకుండా చూడండి, ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ మించి పట్టదు, డీవీడీ ఇమేజ్‌లు చాలా వరకు అంతకంటే పెద్దవే ఉంటాయి. ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ గొడవ లేదు.

మామూలు కాపీ పేస్ట్ చాలు. కనెక్షన్ మధ్యమధ్యలో తెగిపోతుంటే మాత్రం విండోస్‌లో రోబోకాపీ అనే కమాండ్‌ని స్లాష్ జడ్ (/Z) ఆప్షన్‌తో వాడండి, ఆగిన చోట నుంచి మళ్ళీ ఎత్తుకుంటుంది, లైనక్స్‌లో అయితే ఆర్‌సింక్‌లో పార్షియల్ ఆప్షన్ పెట్టుకోండి. క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి. అలాంటి ఫోల్డర్‌లలో ఫైల్ మీ కంప్యూటర్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఒక్కోసారి అసలు డేటా ఆన్‌లైన్‌లోనే ఉండి క్లిక్ చేసినప్పుడు దిగుతుంది, అంటే మళ్ళీ నెట్‌వర్క్ మీద నుంచి బర్న్ చేసినట్టే. సి డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్ చేస్కోండి, పేరు చిన్నగా పెట్టండి.

ఇంకొకటి, షేర్‌లో ఉన్న ఫైల్ అసలు పూర్తిగా అక్కడికి చేరిందా? ఎవరో ఇంకా అప్‌లోడ్ చేస్తుండగానే మీరు కాపీ మొదలుపెడితే సగం ఫైలే వస్తుంది, పేరు చూస్తే తేడా తెలీదు. ప్రాపర్టీస్‌లో సైజు చూసి కాసేపాగి మళ్ళీ చూడండి, పెరుగుతోందంటే ఆగాలి.

కాపీ అయ్యాక హ్యాష్ చూడటం అస్సలు మానొద్దు. ఐఎస్ఓ ఇచ్చినవాళ్ళు మామూలుగా డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్‌ఏ256 అనే రకం హ్యాష్ విలువ పెడతారు, దాంతో పోల్చండి. విండోస్‌లో పవర్‌షెల్ ఓపెన్ చేసి గెట్ ఫైల్‌హ్యాష్ (Get-FileHash) కమాండ్‌కి ఫైల్ పాత్ ఇస్తే చాలు, ఏ ఆప్షన్ ఇవ్వకపోయినా ఎస్‌హెచ్‌ఏ256నే లెక్కేస్తుంది. సెవెన్‌జిప్ ఉంటే రైట్ క్లిక్ మెనూలోనే ఆ ఆప్షన్ ఉంటుంది. లైనక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్, మ్యాక్‌లో షాసమ్‌కి 256 అని చెప్పాలి. మీరే తయారు చేసుకున్న ఇమేజ్ అయితే ఆన్‌లైన్‌లో విలువ దొరకదు, అప్పుడు ఫైల్ ఉన్న మెషీన్‌లోనే లాగిన్ అయి అక్కడే హ్యాష్ తీసి, మీ దగ్గరున్న కాపీ హ్యాష్‌తో చూడండి. మీ కంప్యూటర్‌లో కూర్చుని షేర్ పాత్ మీద హ్యాష్ తీస్తే ఫైల్ మళ్ళీ అదే నెట్‌వర్క్ మీద నుంచి వస్తుంది, అందుకే అక్కడే తీస్తే మంచిది అంటున్నా.

బర్న్ అయ్యాక వెరిఫై పెడతాం కదా, మళ్ళీ ఇదెందుకు అని అడుగుతారు. వెరిఫై చూసేది డిస్క్‌లో ఉన్నదీ ఫైల్‌లో ఉన్నదీ ఒకటేనా అని మాత్రమే. ఫైలే పాడైతే పాడైన డేటానే డిస్క్ మీదకి పొల్లుపోకుండా రాసి సక్సెస్ అంటుంది. బూట్ అవ్వని డిస్క్‌ల వెనక ఇది ఒక పెద్ద కారణం.

డిస్క్‌లో పడుతుందా

సైజు దగ్గర ఒక తికమక ఉంది. డీవీడీ డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్ లెక్కలో అది 4.38 జీబీయే, ఎందుకంటే డబ్బా మీద వెయ్యి చొప్పున లెక్క, విండోస్‌ది 1024 చొప్పున. కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో 4.5 జీబీ అని కనిపించే ఐఎస్ఓ మామూలు డీవీడీలో పట్టదు, 8.5 జీబీ డ్యూయల్ లేయర్ కావాలి. 25 జీబీ బ్లూరే కూడా విండోస్‌లో 23.3 జీబీ అనే కనిపిస్తుంది. మరీ అంచు దాకా నింపిన ఇమేజ్ అయితే బైట్లలో చూస్కోవాలి, డీవీడీ మైనస్ ఆర్‌లో 4,707,319,808 బైట్లు పడతాయి, ప్లస్ ఆర్‌లో 4,700,372,992 బైట్లే, అంటే దాదాపు 7 ఎంబీ తేడా, మైనస్‌లో సరిపోయిన ఇమేజ్ ప్లస్‌లో పట్టకపోవచ్చు.

ఇప్పుడు బర్న్

విండోస్ 7 నుంచీ ఐఎస్ఓ బర్న్ చేసే టూల్ విండోస్‌లోనే ఉంది. ఫైల్ మీద రైట్ క్లిక్, విండోస్ 11లో అయితే షో మోర్ ఆప్షన్స్ కొట్టాలి, అక్కడ బర్న్ డిస్క్ ఇమేజ్ ఉంటుంది. ఒక చిన్న విండో వస్తుంది, డ్రైవ్ ఎంచుకుని, బర్న్ అయ్యాక వెరిఫై చేయమనే టిక్ పెట్టి, బర్న్ నొక్కండి. ఆ ఆప్షనే కనపడట్లేదంటే ఐఎస్ఓ ఫైల్స్‌ని ఏదో జిప్ సాఫ్ట్‌వేర్ తన పేరు మీద పెట్టేసుకుందని అర్థం, ఓపెన్ విత్‌లోకి వెళ్ళి విండోస్ డిస్క్ ఇమేజ్ బర్నర్ ఎంచుకోండి. ఈ టూల్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, స్పీడ్ ఎంచుకోనివ్వదు. స్పీడ్ మన చేతిలో ఉండాలంటే ఇమ్‌గ్‌బర్న్ లాంటిది వేసుకోండి, దాని చివరి వెర్షన్ 2.5.8.0 వచ్చింది 2013లో అయినా ఇప్పటికీ ఈ పనికి బాగుంటుంది. ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా వేరే ప్రోగ్రామ్‌లకి టిక్‌లు ఉన్నాయేమో చూడండి.

స్పీడ్ ఎంత పెట్టాలి? డిస్క్ మీద రాసున్న గరిష్ఠ స్పీడ్‌లో సగం పెడితే నా లెక్కలో సరిపోతుంది, 16ఎక్స్ డీవీడీకి 8ఎక్స్. మరీ తగ్గించి 1ఎక్స్ 2ఎక్స్‌లో రాస్తే క్వాలిటీ ఇంకా బాగుంటుందని కొందరు అంటారు, కానీ ఇప్పటి డిస్క్‌లూ డ్రైవ్‌లూ ఎక్కువ స్పీడ్‌లకి తగ్గట్టు తయారైనవి, మరీ నెమ్మదిగా రాస్తే లాభం ఉంటుందని గ్యారంటీ ఏం లేదు.

ఒక్క జాగ్రత్త. ఐఎస్ఓ ఫైల్‌ని లాక్కెళ్ళి డీవీడీ డ్రైవ్‌లో పడేసి బర్న్ టు డిస్క్ కొట్టొద్దు, అలా చేస్తే డిస్క్‌లో ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైల్ ఉంటుంది, లోపలి ఫైల్స్ ఉండవు. అలాగే ఐఎస్ఓని డబుల్ క్లిక్ చేసి మౌంట్ చేసి (అంటే ఒక డ్రైవ్‌లా ఓపెన్ చేసి) లోపలున్న ఫైల్స్ అన్నీ ఎత్తి డిస్క్‌లోకి రాయడం కూడా సరైన పద్ధతి కాదు, చూడ్డానికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది గానీ సిస్టమ్ బూట్ అవ్వడానికి కావాల్సిన బూట్ రికార్డ్ రాదు, వాల్యూమ్ లేబుల్ (డిస్క్ పేరు) మారిపోతుంది. ఇమేజ్‌ని ఇమేజ్‌గానే రాయాలి.

లైనక్స్‌లో కే3బీ, బ్రసేరో, ఎక్స్‌ఎఫ్‌బర్న్ ఏదైనా పర్లేదు, బర్న్ ఇమేజ్ అనే ఆప్షన్ మూడింట్లోనూ ఉంటుంది. టెర్మినల్ అలవాటున్నవాళ్ళకి డీవీడీ బ్లూరేలకి గ్రోఐసోఎఫ్ఎస్ లేదా జోరిసో బాగుంటాయి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీలో బర్న్ బటన్ కోసం వెతక్కండి, 2015లో ఎల్ క్యాపిటన్‌తో దాన్ని తీసేశారు, ఫైండర్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే బర్న్ ఆప్షన్ వస్తుంది, టెర్మినల్‌లో అయితే హెచ్‌డీఐయుటిల్‌కి బర్న్ అని చెప్పి ఫైల్ పేరివ్వాలి, అది తనంతట తానే వెరిఫై కూడా చేస్తుంది.

కనిపిస్తున్న ఫైల్ లేదంటే

ఇది ఎక్కువమందిని ఏడిపించే సమస్య కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. షేర్‌ని మీరు జడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకున్నారు, అంటే దానికి జడ్ అనే డ్రైవ్ అక్షరం ఇచ్చుకున్నారు, ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా ఓపెన్ అవుతోంది, బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే అందులో జడ్ డ్రైవే ఉండదు. కారణం ఏంటంటే ఆ సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్‌గా రన్ అవుతోంది. మీరు ఒక్కరే అయినా విండోస్ దృష్టిలో మామూలుగా రన్ అయ్యే ప్రోగ్రామ్‌లకి ఒక సెషన్, అడ్మిన్‌గా రన్ అయ్యేవాటికి ఇంకో సెషన్, మ్యాప్ చేసిన అక్షరం ఏ సెషన్‌లో మ్యాప్ చేశారో అందులోనే ఉంటుంది. అందుకే ఒక చోట కనిపించి ఇంకో చోట కనపడదు.

దీనికి సులువైన దారి డ్రైవ్ అక్షరం వాడకుండా పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇవ్వడం, అంటే ఫైల్ ఓపెన్ చేసే బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, మళ్ళీ బ్యాక్‌స్లాష్, షేర్ పేరు, ఇలా టైప్ చేయాలి. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. అది నచ్చకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేసి నెట్ యూజ్ కమాండ్‌తో అదే షేర్‌ని అక్కడ కూడా మ్యాప్ చేయొచ్చు. రోజూ ఇదే పని ఉన్నవాళ్ళు రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, పాలసీస్ దాటి సిస్టమ్ అనే కీలో ఎనేబుల్ లింక్డ్ కనెక్షన్స్ (EnableLinkedConnections) అనే డీవర్డ్ (DWORD) చేసి విలువ 1 పెట్టి రీస్టార్ట్ చేస్తే రెండు సెషన్‌లకీ డ్రైవ్‌లు కనిపిస్తాయి. పేరులో మధ్యలో ఖాళీలు ఉండకూడదు, మూడు మాటలూ కలిపి రాయాలి. అయితే ఒక్క డిస్క్ కోసం రిజిస్ట్రీ ముట్టుకోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది, లోకల్ కాపీ ఉంటే ఈ గొడవే ఉండదు.

లైనక్స్‌లో కూడా ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. ఫైల్ మేనేజర్‌లో సాంబా షేర్ (విండోస్ తరహా నెట్‌వర్క్ షేర్) క్లిక్ చేసి ఓపెన్ చేస్తే అది మీ యూజర్‌కి మాత్రమే మౌంట్ అవుతుంది, సుడో పెట్టి, అంటే అడ్మిన్ యూజర్ అయిన రూట్‌గా, బర్న్ కమాండ్ ఇస్తే రూట్‌కి కూడా పర్మిషన్ డినైడ్ అని వస్తుంది, రూట్‌కి పర్మిషన్ లేకపోవడం ఏంటని ఆశ్చర్యపోతారు, ఆ రకం మౌంట్ స్వభావమే అంత. సీఐఎఫ్ఎస్‌గా మామూలు మౌంట్ కమాండ్‌తో రీడ్ ఓన్లీలో మౌంట్ చేస్కుంటే సరి. అసలు సుడో అవసరం లేకుండా మీ యూజర్‌ని సీడీరామ్ గ్రూపులో చేర్చుకోవడం ఇంకా మంచిది, చేర్చాక ఒకసారి లాగౌట్ అయి రావాలి.

షేరే ఓపెన్ అవ్వట్లేదా? పాత నాస్ అయితే అది ఎస్‌ఎంబీ1 (ఎస్‌ఎంబీ అనే ఫైల్ షేరింగ్ పద్ధతిలో పాత వెర్షన్) మాత్రమే మాట్లాడుతుండొచ్చు, 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి విండోస్ ఎస్‌ఎంబీ1ని మెల్లగా తీసేస్తూ వచ్చింది. విండోస్ 11 24హెచ్2లో ఇంకాస్త బిగించారు, ప్రో ఎడిషన్‌లో సైనింగ్ (వచ్చే డేటాని మధ్యలో ఎవరూ మార్చలేదని సరిచూసే పద్ధతి) మామూలుగా తప్పనిసరి అయింది, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్ కూడా ఒప్పుకోదు. నెట్‌లో చూసి ఎస్‌ఎంబీ1 ఆన్ చేసేయడం, సైనింగ్ తీసేయడం చేయకండి, సెక్యూరిటీ పరంగా మంచిది కాదు. నాస్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, దాని మీద ఒక యూజర్‌ని, పాస్‌వర్డ్‌ని పెట్టి దాంతో లాగిన్ అవ్వండి, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

జాగా లేక డైరెక్ట్‌గానే చేయాల్సి వస్తే

చేయొచ్చు, కాకపోతే కొన్ని జాగ్రత్తలు పాటించాలి. వైఫై వద్దు, కేబుల్ పెట్టండి. అసలు బర్న్‌కి ముందు షేర్ మీద ఉన్న ఫైల్‌కి మీ కంప్యూటర్ నుంచే హ్యాష్ తీయండి, పైన వద్దన్న పనే ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే హ్యాష్ తీయాలంటే ఫైల్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా నెట్‌వర్క్ మీద చదవాలి, అంటే బర్న్‌కి ఒక రిహార్సల్ అన్నమాట. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్కోండి, సైజుని సెకన్లతో భాగిస్తే మీ నెట్‌వర్క్ నిజంగా ఎంత ఇస్తుందో తెలిసిపోతుంది, అందులో సగం మించని స్పీడ్ ఎంచుకోండి. ఉదాహరణకి 4,400 ఎంబీ ఫైల్‌కి 200 సెకన్లు పడితే సెకనుకి 22 ఎంబీ, సగం 11, అంటే డీవీడీ 8ఎక్స్ దాకా ధైర్యంగా పెట్టొచ్చు. మధ్యలో తెగిపోతే ఖర్చేం లేదు, డిస్క్ ఇంకా డబ్బాలోనే ఉంది.

బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజ్ ఆప్షన్ ఉంటే పెంచండి, ఇది డ్రైవ్ లోపలి బఫర్ కాదు, మీ ర్యామ్‌లో పెట్టుకునేది, ఎంత పెద్దదైతే నెట్‌వర్క్ తడబాటుని అంత సేపు తట్టుకుంటుంది. 200 ఎంబీ బఫర్ ఉంటే 8ఎక్స్ దగ్గర 18 సెకన్ల దాకా డేటా రాకపోయినా డిస్క్ ఆగదు. మీ సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్ళకుండా పెట్టడం అందరికీ గుర్తుంటుంది గానీ అవతల షేర్ ఇస్తున్న కంప్యూటర్ సంగతి ఎవరికీ గుర్తుండదు, అది ల్యాప్‌టాప్ అయి ఎవరైనా మూత వేసేస్తే మీ డిస్క్ పోతుంది. ఆ ఇమేజ్‌ని ఎవరూ మార్చకుండా, దాని మీద ఇంకో వెర్షన్ కాపీ చేయకుండా కూడా చెప్పి పెట్టుకోండి, నాస్ బ్యాకప్ టైమ్ కూడా చూస్కోండి.

సీడీ ఆర్, డీవీడీ మైనస్ ఆర్ అయితే టెస్ట్ మోడ్ అని ఒకటి ఉంటుంది, లేజర్ పవర్ తగ్గించి ఏమీ రాయకుండా మొత్తం నడిపి చూపిస్తుంది. డీవీడీ ప్లస్ ఆర్‌లో ఇది లేదు. లేకపోతే ఒక రీరైటబుల్ డిస్క్ మీద ముందు ప్రయత్నించండి, పోతే చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు.

ఇమేజ్ ఒక్క ఫైల్ కాకపోతే

బిన్ క్యూ, ఎండీఎఫ్ ఎండీఎస్, సీసీడీ ఐఎంజీ సబ్ ఇలాంటివి అయితే ఒక్క పెద్ద ఫైల్ తెచ్చుకుంటే చాలదు, అదే పేరుతో ఉన్నవన్నీ ఒకే ఫోల్డర్‌లోకి తెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాల్సింది బిన్ కాదు క్యూ, ఎందుకంటే ట్రాక్‌లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో రాసుండేది అందులోనే. ఆడియో సీడీ ఇమేజ్‌లు ఎక్కువగా ఇలానే వస్తాయి, ఆడియో ట్రాక్‌లు ఐఎస్ఓలో పట్టవు. క్యూ అనేది మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ అవుతుంది, ఫైల్ అనే లైన్‌లో బిన్ పేరు ఉంటుంది. అక్కడ ఒట్టి పేరు కాకుండా సర్వర్ పాత్ మొత్తం రాసి ఉంటే మీరు లోకల్‌కి కాపీ చేసినా సాఫ్ట్‌వేర్ షేర్‌లోకే వెళ్ళి వెతుకుతుంది, పాత్ తీసేసి పేరు మాత్రం ఉంచి సేవ్ చేయండి.

అయ్యాక చూస్కోవడం

వెరిఫై టిక్ ఎలాగూ పెట్టారు, అయినా డిస్క్ ఒకసారి బయటకి తీసి మళ్ళీ పెట్టి ఓపెన్ చేయండి, ఫోల్డర్‌లు కనిపించాలి. వీలైతే ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో కూడా పెట్టి చూడండి, రాసిన డ్రైవ్ చదవగలిగినది వేరే డ్రైవ్ చదవలేకపోవచ్చు. లైనక్స్‌లో డిస్క్ మొత్తానికి హ్యాష్ తీసి ఫైల్ హ్యాష్‌తో కలవలేదని కంగారు పడేవాళ్ళు ఉంటారు, డిస్క్ చివర అదనపు ఖాళీ బ్లాక్‌లు చేరుతుంటాయి, అందుకే కలవదు. ఫైల్ సైజుని 2048తో భాగించి, సరిగ్గా అన్ని బ్లాక్‌లే డీడీ (dd) కమాండ్‌తో చదివి హ్యాష్ తీస్తే కలుస్తుంది, అప్పటికీ కలవకపోతేనే డిస్క్‌లో తేడా ఉన్నట్టు.

ఇమేజ్ మీ దగ్గరే ఉండి బర్నర్ మాత్రం వేరే కంప్యూటర్‌కి ఉంటే దాని డీవీడీ డ్రైవ్‌ని షేర్ చేయించుకుని మీ దగ్గర నుంచి రాద్దామని చూడకండి, అలా షేర్ చేసిన డ్రైవ్‌ని చదవగలరు గానీ దాని మీద బర్న్ చేయలేరు. బర్నర్ ఉన్న మెషీన్‌కే ఇమేజ్ పంపించి, దాని ముందు కూర్చునో రిమోట్‌గా లాగిన్ అయ్యో అక్కడే బర్న్ చేయాలి, డిస్క్ పెట్టడానికీ తీయడానికీ అక్కడ ఎవరో ఒకరు ఎలాగూ ఉండాలి. పని అయ్యాక లోకల్ కాపీ తీసేయొచ్చు, కాకపోతే మీరు లెక్కేసిన హ్యాష్‌ని ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి షేర్‌లో ఆ ఇమేజ్ పక్కనే ఉంచండి, తర్వాత అదే డిస్క్ ఇంకెవరికైనా కావాల్సి వస్తే వాళ్ళకి పోల్చుకోవడానికి ఒక విలువ దొరుకుతుంది.